ఐపీలు తీసుకున్నావు సరే, అవి ఏ దారిన వస్తున్నాయో అడిగావా?

రాజమండ్రి

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అత్తకి మోకాళ్ళ నొప్పులు తప్ప కొత్త కబుర్లేవీ లేవు. నీ వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. ఫోన్లో చెబితే సగమే బుర్రకెక్కుతుంది, మిగతా సగం రేపు మళ్ళీ అడుగుతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దీన్ని ప్రింట్ తీసి, పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టు.

నాకు అర్థమైన సంగతి ఇది. మీ డయాగ్నస్టిక్ సెంటర్ వీధిలోకి ఫైబర్ ఇంకా రాలేదు. పాత టెలిఫోన్ తీగ మీదే నెట్, అంటే డీఎస్‌ఎల్. పేషెంట్లు ఇంటి దగ్గర నుంచే రిపోర్టులు చూసుకోవడానికి ఒక సర్వర్, హైదరాబాద్‌లో ఉన్న రేడియాలజిస్టు రాత్రిపూట సీటీ స్కాన్లు చూడటానికి ఇంకొకటి, మెయిల్‌కి ఒకటి, డాక్టర్ గారు ఇంటి నుంచి కెమెరాలు చూసుకోవడానికి డీవీఆర్, అంటే కెమెరాల రికార్డింగ్ పెట్టె. అన్నిటికీ తలా ఒక స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని నెట్ అడ్రస్, ఉండాలన్నారు. నెట్ కంపెనీ వాళ్ళు ఎనిమిది ఐపీల బ్లాక్ ఒకటి ఇచ్చారు. నువ్వు రౌటర్ పేజీ తెరిచి, వ్యాన్, అంటే బయటి నెట్ వైపు సెట్టింగ్స్‌లో ‘స్టాటిక్ ఐపీ’ అని కనపడగానే అది నొక్కి మొదటి నెంబరు కొట్టావు. నెట్ పోయింది. పోక ఏం చేస్తుంది?

డీఎస్‌ఎల్ లైన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి కనెక్ట్ అయ్యేదైతే, అంటే పీపీపీఓఈ అయితే, స్టాటిక్ ఐపీ వచ్చినా ఆ పీపీపీఓఈ అలాగే ఉండాలి. ఐపీని నువ్వు టైప్ చెయ్యక్కర్లేదు. కంపెనీ దగ్గర రేడియస్ సర్వర్ అని ఒకటి ఉంటుంది. అందులో నీ యూజర్‌నేమ్ ఎదురుగా ఫలానా ఐపీ అని రాసిపెడతారు, నువ్వు డయల్ చేసిన ప్రతిసారీ అదే వస్తుంది. స్టాటిక్ అన్నది వాళ్ళ పుస్తకంలో ఉంటుంది, నీ రౌటర్ మెనూలో కాదు. ముందు దాన్ని పాత పీపీపీఓఈకి తిప్పేసి, కనెక్షన్ ఒకసారి తెంచి మళ్ళీ డయల్ చెయ్యి. స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ ఏం వచ్చిందో చూడు. 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే నెంబరు వస్తే నీ యూజర్‌నేమ్‌కి స్టాటిక్ ఇంకా ఎక్కించలేదని అర్థం. ఆ నెంబర్లు కంపెనీలు ఒకే ఐపీని పది ఇళ్ళకి పంచడానికి లోపల వాడుకునేవి. అలా వస్తే ఇంక రౌటర్‌తో కుస్తీ పట్టకు, వాళ్ళకే ఫోన్ చెయ్యి.

ఎలాగూ ఫోన్ చెయ్యాల్సిందే. మొదట ఎత్తిన మనిషి ‘రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్’ అంటాడు. పాపం వాడి చేతిలో కాగితం మీద అదే ఉంటుంది, వాడి మీద విసుక్కోకు. బిజినెస్ లైన్లు చూసే టెక్నికల్ వాళ్ళకి కలపమను. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ బ్లాక్‌ని మా వ్యాన్ ఐపీకి రూట్ చేశారా, లేకపోతే మీ గేట్‌వే కూడా ఇదే బ్లాక్‌లో ఉందా?

గేట్‌వే అంటే బయటికి వెళ్ళే ద్వారం లాంటి రౌటర్. ఈ జవాబు రాకుండా నీ రౌటర్‌లో వేలు పెట్టడం దండగ. అపార్ట్‌మెంట్‌కి వచ్చిన ఉత్తరాలన్నీ పోస్ట్‌మ్యాన్ వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళిపోతే అది మొదటి పద్ధతి. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క పేరూ కేకేసి, పలికిన వాడికే ఇస్తే రెండోది. మొదటి దాంట్లో ఎనిమిది ఐపీల ట్రాఫిక్ అంతా ఏమీ అడక్కుండా నీ రౌటర్ దగ్గరికి వచ్చి పడుతుంది, లోపల ఎవరికి ఇవ్వాలన్నది నీ ఇష్టం. రెండో దాంట్లో కంపెనీ గేట్‌వే ‘ఫలానా ఐపీ ఎవరిది?’ అని తీగ మీద అడుగుతుంది, దాన్నే ఏఆర్‌పీ అంటారు. నీ వైపు నుంచి ఎవరూ పలక్కపోతే ఆ ఐపీ చచ్చినట్టే.

పీపీపీఓఈ లైన్ అయితే దాదాపుగా మొదటి పద్ధతే ఉంటుంది. ఎందుకంటే అది రెండు కొసలు మాత్రమే ఉన్న దారి, అందులో ఏఆర్‌పీ అనేదే ఉండదు. అయినా అడుగు. దాంట్లోనూ రెండు రకాలున్నాయి. కొన్ని కంపెనీలు వ్యాన్‌కి వేరే ఐపీ ఒకటి ఇచ్చి, బ్లాక్‌ని దాని వెనక రూట్ చేస్తాయి. కొన్ని బ్లాక్‌లోని ఐపీనే ఒకటి తీసి రౌటర్‌కి ఇస్తాయి, దీన్ని అన్‌నంబర్డ్ అంటారు. నీకు ఏది వచ్చిందో మెయిల్‌లో రాయించుకో. ఫోన్లో చెప్పిన మాటకి రేపు సాక్ష్యం ఉండదు.

ఇప్పుడు కాగితం తీసుకో. నీ అసలు నెంబర్లు ఉత్తరంలో రాయడం నాకిష్టం లేదు కాబట్టి ఉదాహరణకి 203.0.113.40/29 అనుకుందాం. మాన్యువళ్ళలో ఉదాహరణలు చూపించడానికే పక్కన పెట్టిన నెంబర్లు ఇవి, ఎవరివీ కావు. /29 అంటే ఎనిమిది, 40 నుంచి 47 దాకా. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.248. మొదటిది 40, అది నెట్‌వర్క్‌కే పేరు, ఏ మెషీన్‌కీ ఇవ్వకూడదు. చివరిది 47, బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ ఒకేసారి చెప్పడానికి వాడేది. మిగిలినవి ఆరు. అందులో ఒకటి గేట్‌వేకి పోతే అయిదు. ‘ఎనిమిదికి డబ్బు కట్టాం, అయిదే ఇచ్చారు’ అని డాక్టర్ గారు కంపెనీ మీద కోప్పడుతున్నారన్నావు. ఇందులో మోసం ఏమీ లేదు, లెక్కే అలాంటిదని చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు. ప్రపంచం మొత్తానికి పంచడానికి ఉన్న ఐపీవీ4 అడ్రసుల, అంటే ఈ రకం ఐపీల, నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది, మన ఆసియా వాటా అదే ఏడాది ఏప్రిల్‌లో అడుగంటింది. అందుకే ఒక్కో ఐపీకి అద్దె, ఎందుకు కావాలో రాసివ్వమని అడగడం.

అయినా నాకు ఒక అనుమానం. మీకు నిజంగా అయిదు కావాలా?

స్కాన్ల సర్వర్‌కి పబ్లిక్ ఐపీ ఇవ్వడానికి నేను ఒప్పుకోను. స్కాన్లు పంపే డైకామ్ పద్ధతి ఆస్పత్రి నాలుగు గోడల మధ్య వాడుకోవడానికి పుట్టింది. మామూలుగా పెట్టే పద్ధతిలో దానికి తాళం ఉండదు, పేషెంటు పేరూ వయసూ బొమ్మతో పాటే వెళ్తాయి. అలాంటి దాన్ని వీధిలో పెడితే ఎవడైనా వచ్చి చూసుకుపోవచ్చు. రేడియాలజిస్టుకి వీపీఎన్, అంటే నెట్ మీదే తాళం వేసిన సొంత దారి, ఇవ్వు. వీపీఎన్ రౌటర్ సొంత ఐపీ మీదే నడుస్తుంది, విడిగా ఇంకో ఐపీ అక్కర్లేదు. డీవీఆర్ కూడా అంతే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతా పట్టి పీడించింది ఇలాంటి కెమెరాలూ డీవీఆర్‌ల ద్వారానే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా నెట్‌కి తగిలించినవే దాని చేతిలోకి వెళ్ళాయి. డాక్టర్ గారి ఫోన్లో వీపీఎన్ యాప్ పెట్టి, ఒక్క బటన్ నొక్కితే కెమెరాలు వచ్చేలా చేసివ్వు. రెండు రోజులు సణుగుతారు, తర్వాత అలవాటైపోతుంది.

మెయిల్ సర్వర్ సొంతంగా పెట్టుకోవడం కూడా నాకు నచ్చలేదు. డీఎస్‌ఎల్ లైన్ మీద మెయిల్ నడపడం అంటే రోజూ ఏదో ఒక తలనొప్పి. ఏ జూలైలోనో వానకి తీగ నానితే మెయిల్ కూడా నానుతుంది. పెట్టి తీరాల్సిందే అంటే దాని సంగతి తర్వాత చెప్తాను. మొత్తం మీద పేషెంట్ల రిపోర్టులకి ఒకటి, మెయిల్‌కి ఒకటి. మిగతావి ఖాళీగా ఉంచుకో. ఐపీలు ఉన్నాయి కదా అని అన్నిటికీ తగిలించకు.

ఇంకో సంగతి ఐపీలతో తేలేది కాదు, అయినా చెప్పాలి. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ లైన్ కిందికి 24 ఎంబీపీఎస్ దాకా ఇవ్వగలదు, పైకి మాత్రం ఒకటి దగ్గరే ఆగిపోతుంది. రేడియాలజిస్టుకి స్కాన్ వెళ్ళేది పైకే. 200 ఎంబీ స్కాన్ ఒకటి 0.8 ఎంబీపీఎస్ చొప్పున వెళ్తే అరగంట దాటుతుంది. యాక్సిడెంట్ కేసుకి అరగంట అంటే ఎంతో నీకు చెప్పక్కర్లేదు. మీ ఎక్స్చేంజ్ దగ్గరే ఉంటే దీనికన్నా వేగమైన వీడీఎస్‌ఎల్ ఇస్తారేమో అడుగు. అది దొరకడం ఈ ఎనిమిది ఐపీలకన్నా ముఖ్యం.

లైన్ ఎలా ఉందో మోడెమ్ పేజీలోనే కనపడుతుంది. ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ అని ఉంటుంది చూడు, తీగ మీది గోలని తట్టుకోవడానికి ఎంత వెసులుబాటు ఉందో అది చెబుతుంది. 10 డీబీ పైన ఉంటే హాయిగా ఉండొచ్చు. 6 కిందికి దిగితే ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఫోన్ ఎత్తి డయల్ టోన్ విను. గరగరమంటే జాయింట్‌లో నీళ్ళు దిగినట్టే, ముందు లైన్‌మ్యాన్‌ని పిలిచి పెయిర్, అంటే తీగల జత, మార్పించు. లోపలికి వచ్చిన తీగకి మొట్టమొదట ఫోన్‌నీ నెట్‌నీ విడదీసే స్ప్లిటర్ ఉండాలి, మోడెమ్, ఫోన్ రెండూ దాని తర్వాతే. రిసెప్షన్‌లో ఇంకో ఫోన్‌ని స్ప్లిటర్ లేకుండా సమాంతరంగా లాగారేమో కూడా చూడు. మా రోజుల్లో వచ్చిన ఫిర్యాదుల్లో బోలెడన్ని అక్కడే తేలేవి.

ఇక పని. కంపెనీ ఇచ్చిన మోడెమ్-కమ్-రౌటర్‌తో ఈ పని అవ్వదు. అందులో బయట నుంచి వచ్చిన దాన్ని లోపలి మెషీన్‌కి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ ఉంటుంది కానీ అది వ్యాన్ ఐపీ ఒక్కదానికే. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే ఒట్టి మోడెమ్‌గా మాత్రమే పనిచేసేలా పెట్టి, వెనక మంచి రౌటర్ ఒకటి పెట్టు. మైక్రోటిక్ అయినా, డ్రేటెక్ అయినా, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించిన పెట్టె అయినా పర్లేదు. ఒకటికి మించి పబ్లిక్ ఐపీలు తీసుకోగలదో లేదో కొనేముందే అడుగు. బ్రిడ్జ్ చేసే ముందు మోడెమ్ పాత పేజీలోంచి వీపీఐ, వీసీఐ అనే లైన్ గుర్తింపు నెంబర్లు రాసుకో. బీఎస్‌ఎన్‌ఎల్ ఏడీఎస్‌ఎల్ అయితే 0, 35, ఎన్‌క్యాప్సులేషన్ ఎల్‌ఎల్‌సీ. ఒక్కో కంపెనీది ఒక్కో రకం. వీడీఎస్‌ఎల్ అయితే ఇవి ఉండవు, కొన్నిచోట్ల వీల్యాన్ నెంబరు ఒకటి ఉంటుంది. పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా దగ్గర పెట్టుకో. మోడెమ్ పేజీలో పాస్‌వర్డ్ చుక్కలుగానే కనపడుతుంది, గుర్తు లేకపోతే ముందే రీసెట్ చేయించుకో. బ్రిడ్జ్ చేశాక ‘పాస్‌వర్డ్ ఏమిటి మామయ్యా’ అని నన్నడిగితే నేనేం చెప్పను?

బ్రిడ్జ్ చేసిన మోడెమ్ పేజీ ఇంక తెరుచుకోదని చాలామంది అనుకుంటారు. తెరుచుకుంటుంది. మోడెమ్ 192.168.1.1 మీద ఉంటే, రౌటర్ వ్యాన్ పోర్ట్‌కి పీపీపీఓఈతో పాటు 192.168.1.2 అని అదనపు అడ్రస్ ఒకటి ఇవ్వు, మోడెమ్ వైపు వెళ్ళే ట్రాఫిక్‌ని కూడా న్యాట్ చెయ్యి, అంటే లోపలి ఐపీల బదులు రౌటర్ ఐపీ పేరుతో వెళ్ళేలా మార్చు. ఎస్‌ఎన్‌ఆర్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. అందుకే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌ని 192.168.1 మీద పెట్టకు, 192.168.10 అనుకో. డాక్టర్ గారి ఇంటి రౌటర్ కూడా 192.168.1 మీదే ఉంటుంది, రెండూ ఒకటే అయితే వీపీఎన్ కలిసినా కెమెరాలు కనపడవు.

రూట్ చేసిన బ్లాక్ అని కంపెనీ వాళ్ళు తేల్చి చెప్పారనుకో. నీ ముందు రెండు దారులుంటాయి.

ఒకటి, రౌటర్‌లో ఒక పోర్ట్‌ని మిగతావాటి నుంచి విడదీసి, దానికి 203.0.113.41, మాస్క్ 255.255.255.248 ఇవ్వడం. సర్వర్లు ఆ పోర్ట్ కింద ఒక చిన్న స్విచ్‌లో ఉంటాయి. రిపోర్టుల సర్వర్‌కి 42, మెయిల్‌కి 43, రెండిటికీ గేట్‌వే 41. ఈ పోర్ట్‌కి న్యాట్ ఉండకూడదు. ఆఫీసు పీసీలు ఉన్న పోర్ట్‌కి మాత్రం న్యాట్ ఉండాలి. చాలా రౌటర్లలో న్యాట్ అంటే వ్యాన్ వైపు వెళ్ళేదంతా మార్చేసే ఒకే ఒక్క రూల్. దాన్ని 192.168.10 నుంచి వచ్చే వాటికి మాత్రమే అని పరిమితం చెయ్యి. ఈ ఒక్కటీ మర్చిపోతే బయటివాళ్ళకి సర్వర్ మామూలుగానే పలుకుతుంది, అది తానుగా పంపేవి మాత్రం వ్యాన్ ఐపీ పేరుతో వెళ్తాయి. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, మెయిల్ మాత్రం తిరిగి వస్తూ ఉంటుంది.

రెండోది వన్-టు-వన్ న్యాట్. సర్వర్లకి లోపలి ఐపీలే ఉంటాయి, 192.168.20.42 లాగా. రౌటర్ 203.0.113.42కి వచ్చిన దాన్ని దానికి పంపుతుంది, అది బయటికి పంపిన దాని మీద 203.0.113.42 ముద్ర వేస్తుంది. డ్రేటెక్‌లో ఈ ఐపీలని వ్యాన్ ఐపీ ఏలియాస్, అంటే వ్యాన్‌కి అదనపు ఐపీలు, కింద చేరుస్తారు, జైక్సెల్ పాత రౌటర్లలో దీన్నే అడ్రస్ మ్యాపింగ్ అనేవారు. పేరు ఏదైనా పని ఒకటే. ఈ పద్ధతిలో గేట్‌వేకి ఐపీ ఖర్చవ్వదు. వ్యాన్‌కి వేరే ఐపీ ఉండి బ్లాక్ మొత్తం రూట్ అయి ఉంటే 40, 47 కూడా వాడుకోవచ్చు, డాక్టర్ గారికి ఎనిమిదికి ఎనిమిదీ దక్కుతాయి. బయటికి వెళ్ళే రూల్ దగ్గర జాగ్రత్త. సర్వర్ రూల్ అందరికీ కలిపి రాసిన మామూలు న్యాట్ రూల్‌కన్నా పైన ఉండాలి. రూల్స్ పైనుంచి కిందికి చదువుతుంది రౌటర్, ముందు కుదిరిన దానితో ఆగిపోతుంది.

నన్నడిగితే నీకు రెండోదే మేలు. రేపు ఫైబర్ వచ్చి ఐపీలు మారినా సర్వర్ల జోలికి వెళ్ళక్కర్లేదు, రౌటర్‌లో మారిస్తే చాలు.

రూట్ చేసిన బ్లాక్‌లో ఎవరూ పట్టించుకోని పాడు అలవాటు ఒకటి ఉంది. నువ్వు వాడని 45కి బయట నుంచి ఎవడో ఒక ప్యాకెట్ పంపాడనుకో. కంపెనీ దాన్ని నీ రౌటర్‌కి తోస్తుంది. నీ రౌటర్‌కి 45 ఎవరో తెలియదు, తెలియని వాటన్నిటినీ డిఫాల్ట్ దారిలో కంపెనీకే పంపాలి కాబట్టి వెనక్కి తోస్తుంది. వాళ్ళు మళ్ళీ నీకు. ప్యాకెట్ ఆయుష్షు తీరేదాకా ఆ సన్న తీగ మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మొబైల్ డేటా నుంచి ఖాళీ ఐపీకి ట్రేస్‌రూట్, అంటే ప్యాకెట్ ఏ దారిన వెళ్తోందో చూపించే పరీక్ష, చేస్తే అవే రెండు అడ్రసులు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ పోతాయి. మందు తేలిక. 203.0.113.40/29 మొత్తానికి ఒక బ్లాక్‌హోల్ రూట్, అంటే వచ్చింది వచ్చినట్టే పారేసే దారి, రాయి. వాడుతున్న ఐపీలకి న్యాట్ ముందే పని చేసేస్తుంది, వాడనివి అక్కడే చస్తాయి. మొదటి దారిలో, అంటే బ్లాక్‌ని పోర్ట్ మీదే పెట్టినప్పుడు, ఈ బాధ ఉండదు.

ఒకవేళ కంపెనీ గేట్‌వే కూడా అదే బ్లాక్‌లో ఉందన్నారనుకో, అప్పుడు పీపీపీఓఈ ఉండదు, వ్యాన్‌లో స్టాటిక్ ఐపీ నిజంగానే టైప్ చెయ్యాలి. గేట్‌వే 41 వాళ్ళది, నీ రౌటర్ 42, మిగతా నాలుగూ ఏలియాస్‌లుగా రౌటర్ వ్యాన్ మీదే చేర్చి వన్-టు-వన్ న్యాట్. వ్యాన్ మీద ఉన్న ఆ బ్లాక్‌నే ల్యాన్, అంటే లోపలి వైపు, మీద కూడా పెట్టబోతే రౌటర్ ఒప్పుకోదు, ఒప్పుకున్నా నడవదు. రౌటర్ మార్చిన రోజున ఇంకో చిక్కు వస్తుంది. 42 వెంటనే పనిచేస్తుంది, 43, 44 పలకవు. సెట్టింగ్స్ తప్పేమో అని నువ్వు అన్నీ కెలుకుతావు. తప్పేమీ ఉండదు, కంపెనీ గేట్‌వే పాత పెట్టె మ్యాక్ అడ్రస్‌నే, అంటే దాని హార్డ్‌వేర్ నెంబరునే, ఇంకా గుర్తుపెట్టుకుని ఉంటుంది. ఒక్కో ఏలియాస్ నుంచి బయటికి పింగ్ కొట్టు, లేదా కాసేపు ఆగు. అప్పటికీ రాకపోతే ఏఆర్‌పీ క్లియర్ చెయ్యమని వాళ్ళకి చెప్పు.

ఎమ్‌టీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చన్న హద్దు, గురించి చెప్పకపోతే నువ్వు వారం రోజులు టెన్షన్ పడతావు. మామూలు ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ 1500 బైట్లు, పీపీపీఓఈ తన కోసం 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. ఇది సరిగ్గా లేకపోతే వచ్చే రోగం వింతగా ఉంటుంది. పింగ్ వెళ్తుంది, లాగిన్ పేజీ వస్తుంది, రిపోర్ట్ డౌన్‌లోడ్ నొక్కగానే తిరుగుతూనే ఉంటుంది. ఒక ఊళ్ళో వాళ్ళకి వస్తుంది, ఇంకో ఊళ్ళో వాళ్ళకి రాదు. రౌటర్‌లో ప్యాకెట్‌లోని అసలు సరుకు సైజుకి హద్దు పెట్టే ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంప్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి 1452 ఇవ్వు. సరిచూడటానికి ముక్కలు చెయ్యొద్దని చెప్పి 1464 బైట్ల పింగ్ పంపు. అది వెళ్ళి, 1465 ఆగిపోతే లెక్క సరిపోయినట్టు. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ, అంటే పింగ్ లాంటి కబుర్లు వెళ్ళే పద్ధతి, మొత్తం బ్లాక్ చెయ్యడం గొప్ప సెక్యూరిటీ అని ఎవరైనా చెబితే నమ్మకు. ‘ప్యాకెట్ పెద్దదైంది, తగ్గించు’ అని వెనక్కి వచ్చే కబురు కూడా ఐసీఎంపీలోనే వస్తుంది.

ఫైర్‌వాల్ రూల్స్ ఐపీలు తగిలించకముందే రాయి, తర్వాత కాదు. న్యాట్ లేకుండా పబ్లిక్ ఐపీ పెట్టిన మెషీన్‌కి అన్ని తలుపులూ వీధిలోకే తెరుచుకుంటాయి. వన్-టు-వన్ కూడా అంతే, అది అన్ని పోర్టులనీ, అంటే ఒక్కో సర్వీసుకి ఉండే తలుపు నెంబర్లన్నిటినీ, పంపేస్తుంది. బయట నుంచి వచ్చేదంతా ఆపు అన్నది అడుగున ఉండాలి. దాని పైన, రిపోర్టుల సర్వర్‌కి 443, సర్టిఫికెట్ రెన్యువల్‌కి కావాలంటే 80. అంతే. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ 3389 ఎవరు అడిగినా తెరవకు. సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాళ్ళు ‘పది నిమిషాలు ఓపెన్ చెయ్యండన్నా’ అంటారు, ఆ పది నిమిషాలు ఎప్పటికీ అవ్వవు. వాళ్ళకీ వీపీఎనే. రౌటర్ పేజీ వ్యాన్ వైపు నుంచి తెరుచుకోకూడదు. టీఆర్-069 అని కంపెనీవాళ్ళు దూరం నుంచి సెట్టింగ్స్ మార్చే సదుపాయం ఒకటి ఉంటుంది, 7547 పోర్ట్. నీ రౌటర్‌లో అది ఉంటే మూసెయ్యి. 2016 నవంబర్‌లో జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్ళకి నెట్ పోయింది, ఆ పోర్ట్ మీద జరిగిన దాడిలోనే. అడ్మిన్-అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చమని మళ్ళీ చెప్పించుకోకు.

మెయిల్ పెట్టక తప్పదంటే, 203.0.113.43కి మీ మెయిల్ సర్వర్ పేరు వచ్చేలా పీటీఆర్ రికార్డు పెట్టమని కంపెనీకి రాయాలి. అది నీ డొమైన్ ప్యానెల్‌లో పెట్టేది కాదు, ఐపీ ఎవరిదో వాళ్ళే పెట్టాలి. 25 పోర్ట్ తెరిచి ఉందో లేదో కూడా అడుగు. ఆ పైన మెయిల్ సర్వర్ నుంచి బయటికి వెళ్ళేది 43 పేరుతోనే వెళ్తోందా అని సర్వర్ మీద కూర్చుని చూడు. వ్యాన్ ఐపీతో వెళ్తుంటే ఎస్‌పీఎఫ్, అంటే మీ మెయిల్ ఏ ఐపీ నుంచి రావాలో చెప్పే రికార్డు, కుదరక అవతలి వాళ్ళు స్పామ్‌లో పడేస్తారు.

పరీక్షలన్నీ బయట నుంచే చెయ్యాలి. ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడు. ఆఫీసులో కూర్చుని రిపోర్టుల సైట్ పేరు కొడితే రాకపోవచ్చు, కంగారు పడకు. లోపలి నుంచి బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి తిరగడం అన్ని రౌటర్లకీ రాదు. దానికి హెయిర్‌పిన్ న్యాట్ అని ఒక రూల్ ఉంది, అంతకన్నా పేర్లకి ఐపీలు చెప్పే ఆఫీసు డీఎన్‌ఎస్‌లో ఆ పేరుకి లోపలి ఐపీనే ఇచ్చేయడం నాకు నచ్చుతుంది.

పని ఆదివారం పెట్టుకో, మధ్యాహ్నం శాంపిళ్ళు అయిపోయాక. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో కలుపు, దానికి ఐపీ చేత్తో ఇవ్వు. రౌటర్ ల్యాన్ ఐపీ మార్చగానే పేజీ నిన్ను బయటికి గెంటేస్తుంది, వైఫై మీద ఉంటే ఎక్కడున్నావో తెలియక తిప్పలు పడతావు. పాత మోడెమ్ కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంచు. కొత్త రౌటర్‌ది కూడా పని పూర్తయ్యాక తీసుకో. ఏ ఐపీ ఎవరికి, ఏ పోర్ట్ తెరిచాం అన్నది ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించు, పాస్‌వర్డ్‌లు మాత్రం దాని మీద రాయకు. మోడెమ్, రౌటర్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోయినప్పుడు సర్వర్ వెలుగుతూ మోడెమ్ ఆరిపోతే ఏం లాభం?

బయట నుంచి టెస్ట్ చెయ్యడానికి ఒక మనిషి కావాలి కదా, నేను ఉంటాను. నాలుగింటికి మొదలుపెట్టి, పీపీపీఓఈ కనెక్ట్ అవ్వగానే ఫోన్ చెయ్యి. ఇక్కడి నుంచి ఒక్కొక్క ఐపీకీ పింగ్, ట్రేస్‌రూట్ కొట్టి చెప్తాను. కంపెనీ వాళ్ళ దగ్గర ఆ ఒక్క ప్రశ్నకి జవాబు మాత్రం శనివారం లోపే తెచ్చుకో, ఆదివారం అక్కడ ఎవరూ దొరకరు.

అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య